చెప్పేవాడు మనవాడైతే

సునాబెడలో విమాన ఇంజన్ల కర్మాగారం, దమన్‌జోడిలో అల్యూమినా, రాయగడలో కాగితం మిల్లు. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఇలాంటిచోట షిఫ్టుకు వెళ్తూ ఉండవచ్చు. ఇంటికొచ్చాక రేడియో గట్టిగా పెడుతున్నారా? రెండుసార్లు పిలిస్తేగాని పలకడం లేదా? అయితే చెవి పరీక్ష చేయించండి. ఏళ్ళ తరబడి యంత్రాల హోరులో ఉంటే లోపలి చెవిలోని రోమకణాలు చచ్చిపోతాయి. అవి మళ్ళీ పుట్టవు.

ఇయర్ ప్లగ్గులు కొనివ్వడం యాజమాన్యానికి పెద్ద పనికాదు. పెట్టించడమే కష్టం. "చెవి దురద", "పక్కవాడి మాట వినపడదు" అంటారు. అందులో అబద్ధమూ లేదు. గోడమీది ఇంగ్లీషు నోటీసుకు ఆ దురద సంగతి తెలియదు. పక్కనే నిలబడి పనిచేసే మనిషికి తెలుసు. సైజు మార్చి చూడమనీ, కడిగి పెట్టుకోమనీ అతనే ఒడియాలోనో, తెలుగులోనో, కువిలోనో చెప్పగలడు.

1984 భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పరిశ్రమల్లో కార్మికులూ యాజమాన్యమూ సరిసమానంగా ఉండే భద్రతా సంఘాన్ని నిర్బంధం చేశారు. అందులో ఎవరు కూర్చోవాలి? నన్నడిగితే, ఉపన్యాసం దంచేవాడు కాదు. టీ వేళ నలుగురూ ఎవరి చుట్టూ చేరతారో అతను. ఆ పనికి అతనికి షిఫ్టులోనే కొంత వెసులుబాటు ఇవ్వాలి. ఫలానా వారికి వినికిడి తగ్గిందని తేలితే, అది ఆ మనిషి ఉద్యోగానికి ఎసరు కాకూడదు. ఆ భయం ఉన్నంతకాలం పరీక్షకు ఎవరూ రారు.