నర్సుల మానసిక ఒత్తిడి – కర్ణ ఆక్యుప్రెషర్: ఒక పరిశీలన

రాత్రి విధులు, రోగుల సంఖ్యకు చాలని సిబ్బంది, మరణాన్ని తరచూ దగ్గరగా చూడవలసి రావడం నర్సుల ఒత్తిడికి, దిగులుకు ప్రధాన కారణాలు. వీటి ఉపశమనానికి వివిధ దేశాల్లో పరీక్షిస్తున్న పద్ధతుల్లో కర్ణ ఆక్యుప్రెషర్ ఒకటి. దాని మూలాన్ని, పనితీరును, ప్రామాణికతను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

చెవిపై చికిత్స చేయడం చైనా ప్రాచీన వైద్యంలో ఉంది. కానీ నేడు వాడుకలో ఉన్న బిందుచిత్రం అంత పాతది కాదు. ఫ్రాన్స్‌లోని లియోన్ నగర వైద్యుడు పాల్ నోజియే 1950లలో దానికి రూపమిచ్చాడు. తుంటి నుండి కాలికి పాకే నొప్పికి నాటువైద్యులు చెవిపై వాత పెట్టగా ఉపశమనం పొందిన రోగులను చూడడంతో ఆయనకు ఈ ఆలోచన కలిగింది. చెవిదొప్పను తలకిందులుగా ఉన్న గర్భస్థ శిశువుగా, తమ్మెను శిరస్సుగా ఆయన భావించాడు. చైనా వైద్యులు దీనిని స్వీకరించి విస్తరించారు. కాబట్టి ఇది వేల ఏళ్ల నాటి విద్య అనే ప్రచారం సగమే నిజం.

ఈ పద్ధతిలో సూది గుచ్చరు. వక్కారియా అనే మొక్క విత్తనాన్ని, ఆవగింజ వంటిదాన్ని, చిన్న అంటుపట్టీతో బిందువుపై అతికిస్తారు. అది కొన్ని రోజులు అక్కడే ఉంటుంది. నర్సు రోజుకు కొన్నిసార్లు దానిని వేలితో అదుముకుంటుంది. ప్రశాంతతకు ఎక్కువగా ఎంచుకునే ‘షెన్‌మెన్’ బిందువు చెవి పైభాగపు త్రికోణాకార గుంటలో ఉంటుంది. పడక, ఏకాంతం, ప్రత్యేక సమయం అవసరం లేకపోవడం వార్డులో పనిచేసేవారికి నిజమైన సౌలభ్యం.

చెవికి వచ్చే వేగస్ నాడీశాఖ ప్రేరణ పొంది గుండె వేగాన్ని, ఆందోళనను తగ్గిస్తుందన్నది ప్రధాన వివరణ. ఇందులో ఒక చిక్కుంది. ఆ శాఖ ముఖ్యంగా చెవిరంధ్రం చుట్టూ ఉన్న దొప్ప గుంటకు చెందినది. షెన్‌మెన్ దానికి వెలుపలిది.

బ్రెజిల్‌లో ఆక్యుపంక్చర్‌కు 2006 జాతీయ విధానం ద్వారా ప్రభుత్వ వైద్యవ్యవస్థలో స్థానం లభించింది. సావో పాలో నర్సింగ్ పరిశోధకులు ఆసుపత్రి సిబ్బందిపై జరిపిన అధ్యయనాల్లో ఒత్తిడి, ఆందోళన స్కోర్లు తగ్గాయి. అయితే ఆ స్కోర్లు పాల్గొన్నవారి స్వీయ సమాధానాలపై ఆధారపడినవి. పైగా సరైన నకిలీ చికిత్సను రూపొందించడం కష్టం: వేరే బిందువును అదిమినా స్పర్శ, విరామం, మరొకరి శ్రద్ధ లభిస్తూనే ఉంటాయి. ఫలితం బిందువుదా, ఆ కొద్దిపాటి విరామానిదా అన్నది ఇంకా తేలలేదు.

దిగులు రెండు వారాలకు మించి వీడకపోతే, ఆత్మహత్య తలపులు వస్తే విత్తనాలపై ఆధారపడక మానసిక వైద్యుని సంప్రదించాలి. విధుల పట్టికను మార్చవలసిన యాజమాన్యం నర్సుల చెవులకు పట్టీలు అంటించి ఊరుకోవడానికి ఈ అధ్యయనాలు ఆధారం కాజాలవు.