చేతి ఫోను: కొనునప్పుడు, పోయినప్పుడు

పూర్వము అనేక గ్రామములలో రేడియో ఒక్కటే పంచాయతీ కార్యాలయమునం దుండెడిది. సాయంకాలము జనులు దానిచుట్టు చేరి వార్తలు వినెడివారు. నేడు ఫోను ప్రతివారి జేబులోను ఉన్నది. నాటి రేడియో చెడిపోయినచో వార్తలు మాత్రమే వినబడకుండెడివి. నేటి ఫోను పోయినచో బ్యాంకు పుస్తకము, ఇంటి తాళపుచెవి ఒక్కసారే పోయినట్లగును. పింఛను జమయైన సమాచారమును, బ్యాంకు పంపు ఓటీపీయును దానికే వచ్చును. 2020 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ మూలమున పంచాయతీ ప్రణాళికలను, జమాఖర్చులను కూడ ఫోనులోనే చూడవచ్చును. కావున ఈ సాధనమును గూర్చి కొన్ని సంగతులను సభ్యులు తాము తెలిసికొని, ఇరుగుపొరుగువారికి తెలుపుట అవసరము.

క్రొత్త ఫోను కొనబోవువారికి దుకాణదారు మొదట చూపునది కెమెరా. ఫోటోలు అందముగా వచ్చుట మంచిదే. కాని అడుగవలసిన ప్రశ్న వేరు: ఈ ఫోనునకు కంపెనీవారు భద్రతా సవరణలను ఇంక ఎన్ని సంవత్సరములు పంపుదురు? సవరణలు ఆగిన ఫోను పైకి చక్కగనే పనిచేయును గాని, దొంగలు కనిపెట్టు క్రొత్త మార్గములకు దానియందు అడ్డు ఉండదు. ధర తగ్గించి అమ్ము పాత మోడళ్ళ విషయమున ఈ ప్రశ్న మరింత ముఖ్యము. ఛార్జరుపై భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తును, ‘ఆర్’ అను ఇంగ్లీషు అక్షరము తరువాత ఎనిమిది అంకెల నమోదు సంఖ్యను చూడవలెను. ఇవి లేని ఛార్జరు ఎంత చవుకయైనను కొనరాదు.

పశువునకు చెవిపోగు వలె ప్రతి ఫోనునకు 15 అంకెల గుర్తింపు సంఖ్య కలదు. దీనిని ఐ.ఎం.ఇ.ఐ. అందురు. ఫోనులో *#06# నొక్కినచో కనబడును. రెండు సిమ్ములు పట్టు ఫోనునకు రెండు సంఖ్యలుండును. పెట్టెమీది సంఖ్య దీనితో సరిపోవలెను. పాత ఫోను కొనువారు సొమ్ము చెల్లింపక పూర్వమే ‘కె.వై.ఎం.’ అను మూడు ఇంగ్లీషు అక్షరములను, కొంచెము ఖాళీ విడిచి ఆ 15 అంకెలను వ్రాసి, 14422 నంబరునకు సందేశము పంపవలెను. నిషేధింపబడినదని గాని, నకిలీ సంఖ్య యని గాని సమాధానము వచ్చినచో ఆ బేరము వదలుకొనుట మేలు.

ఈ సంఖ్యను వ్రాసియుంచుకొనువారు అరుదు. పెట్టె పిల్లల ఆటవస్తువగును, రసీదు చినిగిపోవును. పోలీసు స్టేషనులో అడిగినప్పుడు చెప్పుటకేమియు ఉండదు. గ్రామములలో పర్యటించునపుడు నేను తరచుగా వినునది ఈ విచారమే. రేషను కార్డు దాచు చోటనే ఈ సంఖ్యను వ్రాసి దాచుట కష్టము కాదు గదా!

సంతలో ఫోను పోయినచో చాలమంది ప్రొద్దుగూకువరకు వెదకి, మరునాడు ఆలోచింతురు. ఆ వ్యవధిలో దొంగ సిమ్మును తీసి వేరొక ఫోనులో వేసికొనును. అప్పుడు ఫోను తాళము ఎంత గట్టిదైనను, ఓటీపీ సిమ్ము వెంటనే పోవును. కావున ప్రక్కవారి ఫోను అడిగి, మొదట సిమ్ కంపెనీవారికి చెప్పి దానిని నిలుపుదల చేయింపవలెను. పిదప బ్యాంకునకు తెలుపవలెను. ఆ తరువాతనే పోలీసు ఫిర్యాదు. అదే నంబరుతో మరల సిమ్ము పొంది, ఫిర్యాదు నకలుతో ‘సంచార్ సాథీ’లో దరఖాస్తు చేసినచో, ఆ ఫోను దేశములో ఏ కంపెనీ సిమ్ముతోను పనిచేయకుండ చేయుదురు. 2023 మే నెలలో ప్రారంభమైన ఈ సదుపాయమునకు రుసుము లేదు. దొరికిన ఫోనును తిరిగి తెరిపించుకొనవచ్చును. ఖాతానుండి సొమ్మే పోయినచో తక్షణమే 1930 నంబరునకు ఫోను చేయవలెను. సొమ్ము మరియొక ఖాతాకు దాటకమునుపే నిలుపుటకు అవకాశముండును.

ఫోనునకు వలెనే సిమ్ముకును రహస్యసంఖ్య పెట్టుకొనవచ్చును. అది ఉన్నచో దొంగకు సిమ్ము అక్కరకు రాదు. అయితే మూడుసార్లు తప్పు సంఖ్య నొక్కినచో సిమ్ము బిగిసిపోవును. మొదటిసారి తెలిసినవారిచే చేయించుకొనుట మంచిది.

ఇక బ్యాటరీ. దానికి వేడి శత్రువు. తలగడ క్రింద ఉంచి ఛార్జి చేయరాదు. ఉబ్బిన బ్యాటరీని గ్రుచ్చుటయు, చెత్తలో వేసి కాల్చుటయు ప్రమాదము. పంచాయతీ చెత్త బండిలో ఇవి కలియకుండ, కార్యాలయము బయట పొడి ఇసుక పోసిన డబ్బా నొకదానిని నీడలో ఉంచి, నిండిన పిమ్మట ఎలక్ట్రానిక్ వ్యర్థములను తీసికొనుటకు అనుమతి గలవారికి అప్పగించు ఏర్పాటును వచ్చు సమావేశములో చర్చింపవచ్చును.