ఎముకను గట్టిపడనీయని జన్యులోపం: రక్తపరీక్షలోని తక్కువ అంకె చెప్పే సంగతి

కాళ్లు వంకర తిరిగిన పసివాడిని చూడగానే అది రికెట్స్ అనీ, విటమిన్-డి కొరత వల్ల వచ్చిందనీ భావించడం సహజం. చాలా సందర్భాల్లో ఆ అనుమానం నిజమే. అయితే పైకి రికెట్స్‌ను తలపిస్తూ, మూలంలో దానికి పూర్తిగా భిన్నమైన వ్యాధి ఒకటి ఉంది. అదే హైపోఫాస్ఫటేసియా. పోషకాహార లోపం దీనికి కారణం కాదు. ఏఎల్‌పీఎల్ అనే జన్యువులోని ఉత్పరివర్తనాల వల్ల ఇది వంశపారంపర్యంగా సంక్రమిస్తుంది. కెనడా వైద్యుడు జాన్ క్యాంప్‌బెల్ రాత్‌బన్ 1948లో దీనిని వర్ణించి, ఈ పేరు పెట్టారు.

ఎముక గట్టిపడాలంటే కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి స్ఫటికాలుగా మారాలి. పైరోఫాస్ఫేట్ అనే పదార్థం అందుకు అడ్డుపడుతుంది. దానిని విడగొట్టి అడ్డు తొలగించేది ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము. ఆ ఎంజైము తయారీకి ఆధారం ఒకటవ క్రోమోజోముపై ఉన్న ఏఎల్‌పీఎల్ జన్యువు. జన్యువు దెబ్బతింటే ఎంజైము తగ్గి, పైరోఫాస్ఫేట్ పేరుకుపోతుంది. శరీరంలో కాల్షియం ఉన్నా ఎముకకు పట్టదు.

ఈ జన్యువులో ఇప్పటికి 400కు పైగా ఉత్పరివర్తనాలను గుర్తించారు. ఎంజైము ఏ మేరకు పనిచేస్తుందన్న దానిని బట్టి వ్యాధి తీవ్రత మారుతుంది. కొందరు శిశువులకు పుట్టుకతోనే ప్రాణాపాయం ఏర్పడుతుంది. విటమిన్-బి6 మెదడుకు సరిగా అందక మూర్ఛలు రావచ్చు. కొందరు పిల్లల్లో ఐదేళ్లు నిండకముందే పాలపళ్లు వేళ్లతో సహా ఊడిపోతాయి. పెద్దవారిలో పాదాల ఎముకలు పదేపదే చిట్లుతాయి.

తీవ్ర రూపాల్లో సాధారణంగా తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపభూయిష్టమైన జన్యువు సంక్రమిస్తుంది. అటువంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. మేనరికాలు, రక్తసంబంధీకుల వివాహాలు ఉన్న కుటుంబాల్లో ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. తేలికపాటి రూపాలు మాత్రం తల్లిదండ్రులలో ఒక్కరి నుంచి కూడా రావచ్చు.

రెండు వ్యాధులనూ వేరుచేసే ఆధారం సాధారణ రక్తపరీక్షలోనే ఉంది. రికెట్స్‌లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరుగుతుంది, హైపోఫాస్ఫటేసియాలో తగ్గుతుంది. నివేదికలో ఎక్కువ అంకెను పట్టించుకున్నంతగా తక్కువ అంకెను పట్టించుకోకపోవడమే చిక్కు. పైగా ఎదిగే పిల్లల్లో ఈ ఎంజైము సహజంగానే పెద్దవారికంటే ఎక్కువ. పెద్దల ప్రమాణంతో పోలిస్తే, పిల్లల్లోని లోపం సాధారణంగానే కనిపించవచ్చు. జింక్, మెగ్నీషియం కొరత వల్ల కూడా ఈ అంకె తగ్గవచ్చు. అందువల్ల వయసుకు తగిన ప్రమాణంతో మళ్లీ పరీక్షించి, అవసరమైతే జన్యు పరీక్షతో నిర్ధారించుకోవాలి.

పొరపాటు పడితే నష్టం ఉంది. ఈ వ్యాధి ఉన్న శిశువుల్లో రక్తంలో కాల్షియం ముందే ఎక్కువగా ఉండవచ్చు. రికెట్స్ అని భావించి కాల్షియం, విటమిన్-డి అధిక మోతాదులో ఇస్తే అది మరింత పెరుగుతుంది.

లోపించిన ఎంజైముకు బదులుగా పనిచేసే అస్ఫోటేస్ ఆల్ఫా అనే ఇంజెక్షన్‌కు 2015లో జపాన్, ఐరోపా సమాఖ్య, అమెరికా అనుమతినిచ్చాయి. అయితే దాని ఖరీదు సామాన్యులకు అందనిది. మన దేశం 2021లో అరుదైన వ్యాధుల జాతీయ విధానాన్ని ప్రకటించి, కొన్ని ఉత్కృష్టతా కేంద్రాలను గుర్తించింది. హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం, నిమ్స్ సంయుక్తంగా వాటిలో ఒకటి.

పాలపళ్లు మరీ ముందుగా ఊడినా, విటమిన్-డి వాడినా కాళ్ల వంకర తగ్గకపోయినా, పాత రక్తపరీక్ష నివేదికను మరోసారి వైద్యునికి చూపించడం మేలు.