పుస్తె ఉంది సరే... పత్రం ఉందా?

పెళ్లంటే నూరేళ్ల పంట అంటారు పెద్దలు. అరెకరం పొలానికి పాసుపుస్తకం కావాలని ఆఫీసుల చుట్టూ తిరిగే మనం, ఈ నూరేళ్ల పంటకు మాత్రం ఏ కాగితమూ అడగం. పందిరి వేశారు, బాజాలు మోగాయి, బంధువులంతా వచ్చి అక్షింతలు వేసి వెళ్లారు. ఇంకేం కావాలి?

ఆమదాలవలస చుట్టుపక్కల ఊళ్లలో ఏ పెద్దమ్మను కదిపినా ఇలాంటి జవాబే వినిపిస్తుంది. "ఓలమ్మా, ఊరందరికీ తెలిసిన పెళ్లికి కాయితమేటి?" అని. నిజమే. ఊరు కళ్లముందు ఉన్నంతకాలం ఊరే సాక్ష్యం. కానీ మన జిల్లా నుంచి పని కోసం జనం వెళ్లని చోటు లేదు. విశాఖ, హైదరాబాదు, చెన్నై, గల్ఫు... ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలెక్కిన మనిషికి పరాయిచోట జరగరానిది జరిగితే? నష్టపరిహారం ఇవ్వాల్సిన కంపెనీకీ, పి.ఎఫ్. ఆఫీసుకూ మన ఊరు తెలియదు, మన పందిరి తెలియదు. "భార్యనని రుజువేమిటి?" అని అడుగుతారు. అప్పుడు మెడలో పుస్తె చూపిస్తే సరిపోదు. పత్రం చూపించాలి. మనస్పర్థలొచ్చి భరణం అడగాల్సి వచ్చినా, భర్త చాటుగా మరో పెళ్లికి సిద్ధపడినా మొదట అడిగేది ఈ రుజువే.

లైసెన్సు వేరు, రిజిస్ట్రేషన్ వేరు

అమెరికాలో అబ్బాయో అమ్మాయో ఉన్న ఇళ్లలో 'మ్యారేజి లైసెన్సు' అన్న మాట వింటుంటాం. అక్కడ పెళ్లికి ముందే స్థానిక కౌంటీ ఆఫీసుకు వెళ్లి అనుమతి పత్రం తీసుకోవాలి. అది చేతిలో ఉంటేనే పెళ్లి. మన దగ్గర సంప్రదాయ పెళ్లికి అలాంటి ముందస్తు లైసెన్సు లేదు. ముందు పెళ్లి, తర్వాత నమోదు.

లైసెన్సును పోలిన పద్ధతి ప్రత్యేక వివాహ చట్టం(1954)లో కనిపిస్తుంది. కులమతాలతో పని లేకుండా, పురోహితుడు లేకుండా చేసుకునే పెళ్లి ఇది. ఇద్దరిలో ఒకరైనా ముప్ఫై రోజులుగా నివాసముంటున్న జిల్లాలో వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటిస్తారు. ముప్ఫై రోజుల్లో చట్టం ఒప్పుకునే అభ్యంతరం ఏదీ రాకపోతే ముగ్గురు సాక్షుల ఎదుట పెళ్లి జరుగుతుంది. అమ్మానాన్నలకు ఇష్టం లేకపోవడం చట్టం దృష్టిలో అభ్యంతరం కాదు. వయసు చాలకపోవడం, ఇదివరకే పెళ్లయి భార్యో భర్తో బతికి ఉండటం లాంటివే అభ్యంతరాలు.

చట్టం ఏమంటోంది?

హిందూ వివాహ చట్టం 1955లోనే వచ్చింది. నమోదుకు అందులో 8వ సెక్షను వీలు కల్పించింది. నమోదు చేయించనంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదని కూడా అదే సెక్షను చెబుతోంది. కాబట్టి ఇప్పటిదాకా చేయించుకోనివారు కంగారు పడక్కర్లేదు. పెళ్లి పెళ్లే. రుజువు చేయడమే కష్టం.

మన రాష్ట్రంలో 2002లో వివాహాల నిర్బంధ నమోదు చట్టం చేశారు. ఏ మతం వారి పెళ్లయినా నమోదు కావాలన్నది దాని సారాంశం. తర్వాత 2006 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు, సీమా కేసులో తీర్పు చెబుతూ దేశమంతటా అన్ని మతాల పెళ్లిళ్లనూ నమోదు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. బాల్యవివాహాలనూ, భార్య ఉండగా చేసుకునే రెండో పెళ్లిళ్లనూ అరికట్టడానికి, భర్త పోయిన ఆడదానికి ఆస్తిలో హక్కు దక్కడానికి ఇది పనికొస్తుందన్నది కోర్టు ఉద్దేశం. అంటే ఈ కాగితం వల్ల ఎక్కువ మేలు ఆడవాళ్లకే!

ఎక్కడికెళ్లాలి? ఏమేం పట్టుకెళ్లాలి?

హిందూ పెళ్లిళ్లను సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నమోదు చేస్తారు. పొలం కొన్నప్పుడు దస్తావేజు రాయించుకునే ఆఫీసే. పెళ్లి జరిగిన చోటు ఏ ఆఫీసు కిందికి వస్తుందో ముందు చూసుకోవాలి. అమ్మాయిది ఆమదాలవలస అయినా పెళ్లి పొందూరులో జరిగితే పొందూరు వైపు ఆఫీసులో అడగవచ్చు. నిర్బంధ నమోదు చట్టం కింద పంచాయతీ, మున్సిపాలిటీ స్థాయిలోనూ నమోదు ఉంటుంది. సచివాలయంలో అడిగితే మీ పెళ్లికి ఏ దారి అనువో చెబుతారు.

ఇవి దగ్గర పెట్టుకుని బయల్దేరండి:

* పెళ్లి శుభలేఖ. గుడిలో పెళ్లయితే దేవస్థానం ఇచ్చిన రసీదు
* వధూవరులిద్దరూ కనిపించే పెళ్లి ఫోటో, విడిగా పాస్‌పోర్టు సైజు ఫోటోలు
* వయసు రుజువుకు పదో తరగతి సర్టిఫికెట్ లాంటిది
* చిరునామా రుజువుకు ఆధార్, రేషను కార్డు లాంటివి
* పెళ్లి చూసిన ముగ్గురు సాక్షులు, వాళ్ల గుర్తింపు కార్డులు

ఫీజు ఎంతో ఆఫీసులోనే అడిగి తెలుసుకోండి. బయట నిలబడి 'నేను చేయించిపెడతా' అనేవాళ్ల అవసరం లేదు.

పేరు దగ్గర మాత్రం జాగ్రత్త. సర్టిఫికెట్లో 'సూర్యకాంతం', ఆధార్లో 'సూర్యకాంతమ్మ', శుభలేఖలో ముద్దుపేరు! రేపు వీసా దగ్గరో, పింఛను దగ్గరో ఈ తేడాలే అడ్డుపడతాయి. పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్నట్టే అన్నిచోట్లా రాయించడం మేలు.

మేనరికం చేసుకున్నవాళ్లు సందేహపడనక్కర్లేదు. ఆచారం ఒప్పుకున్న చుట్టరికాలకు హిందూ వివాహ చట్టం మినహాయింపు ఇచ్చింది. చర్చిలో జరిగే పెళ్లిళ్లకు 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం రిజిస్టరు ఉంటుంది. ముస్లింలకు ఖాజీ రాసే నిఖానామా ఉంటుంది. ఆ నకళ్లను కూడా భద్రం చేసుకోవాలి.

వయసు లెక్క ఎందుకంటే...

అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండితేనే నమోదు. ఈ లెక్క విలువ తెలియాలంటే మన పక్కనున్న విజయనగరం సంగతి ఒకటి చెప్పుకోవాలి. పందొమ్మిదో శతాబ్దంలో మహారాజా ఆనందగజపతి, అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్లకు జాబితా రాయించారు. మూడేళ్లకు లెక్క తేలినవి 1,034. అందులో అయిదేళ్లు, నాలుగేళ్లు, మూడేళ్ల పిల్లలే కాదు, ఏడాది పసికందులు కూడా ఉన్నారు. గురజాడ అప్పారావు గారు 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' పీఠికలో ఈ లెక్కలు రాశారు. పెళ్లిని కాగితం మీద పెట్టగానే దాగిన అన్యాయం అంకెల్లో బయటపడింది. ఇవాళ వయసు రుజువు అడిగే రిజిస్టరు చేసే పనీ అదే.

పాత పత్రం వెతకాలంటే

ఎప్పుడో నమోదు చేయించారు, పత్రం పోయింది. లేదా వరదలో తడిసింది, చెదలు తిన్నాయి. దిగులు పడకండి. హిందూ వివాహ రిజిస్టరును ఎవరైనా చూడవచ్చని, రుసుము కడితే ధ్రువీకరించిన నకలు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. కోర్టులో అది సాక్ష్యంగా చెల్లుతుంది కూడా. భార్యాభర్తల పూర్తి పేర్లు, పెళ్లి తేదీ, నమోదైన సంవత్సరం తెలిస్తే వెతకడం తేలిక. సంవత్సరం గుర్తులేకపోతే పెద్ద కొడుకు పుట్టిన ఏడాది నుంచి వెనక్కి లెక్క కట్టండి.

జిల్లాలు మారాయని కూడా తికమక పడొద్దు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. జిల్లా పేరు పట్టుకుని శ్రీకాకుళం పరుగెత్తకుండా, పెళ్లి నమోదైన ఆఫీసులోనే ముందు అడగండి. పర్లాకిమిడిలో పెళ్లయినవారు ఒడిశా వైపు ఆఫీసులో అడగాలి.

అమ్మానాన్నల పెళ్లి సంగతి?

అందరం మరిచిపోయేది ఇదే. కొత్త జంటలకు ఎవరో ఒకరు చెబుతారు. నలభై ఏళ్ల క్రితం పెళ్లయిన అమ్మానాన్నలకు ఎవరు చెబుతారు? హిందూ వివాహ చట్టం కింద పాత పెళ్లిని కూడా నమోదు చేయించుకోవచ్చు. అయితే దరఖాస్తు మీద భార్యాభర్తలిద్దరూ సంతకం చేయాలి. ఒకరు కన్నుమూశాక ఈ దారి మూసుకుపోయినట్టే. ఆ తర్వాత మిగిలేవి తహసీల్దారు ఆఫీసులో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాత రేషను కార్డులు, పిల్లల బడి రికార్డులు, కాదంటే కోర్టు. పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషి ఇన్ని మెట్లు ఎక్కాలి.

అలాంటి అవసరమే వస్తే ఒంటరిగా తిరగకండి. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి చట్టం ఇచ్చింది. శ్రీకాకుళంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. 15100కి ఫోను చేసినా దారి చెబుతారు.

కాగితమే పెళ్లి కాదు

చివరగా అమ్మాయిలకు ఒక హెచ్చరిక. 'ముందు రిజిస్టరు చేయించేద్దాం, తంతు తర్వాత చూద్దాం' అంటే తొందరపడి సంతకం పెట్టకండి. ఏ తంతూ జరగకుండా సర్టిఫికెట్ తీసుకున్న ఒక జంట కేసులో, అది హిందూ వివాహం కాదని 2024 ఏప్రిల్లో సుప్రీంకోర్టు తేల్చింది. తంతు వద్దనుకుంటే ప్రత్యేక వివాహ చట్టం ఉండనే ఉంది. పెళ్లి జరగాలి, జరిగినట్టు రాసుకోవాలి. రెండూ కావాలి.

ఈ పెళ్లిళ్ల సీజనులో శుభలేఖల ఖర్చు, భోజనాల ఖర్చు, బ్యాండు మేళం ఖర్చు రాసుకుంటున్నారు కదా! ఆ చీటీ చివర ఇంకో వరుస చేర్చండి, 'నెల తిరక్కుండా రిజిస్ట్రేషన్' అని. అలాగే సాయంత్రం అమ్మానాన్నలు తీరిగ్గా కూర్చున్నప్పుడు వాళ్ల పెళ్లి తేదీ, ఊరు అడిగి రాసిపెట్టుకోండి. వీలు చూసుకుని ఇద్దర్నీ ఆఫీసుకు తీసుకెళ్లండి. అమ్మకు మీరిచ్చే చీరకన్నా ఆ పత్రం ఎక్కువ కాలం అక్కరకొస్తుంది.