కొండపై గాలి పద్దు

పసిఫిక్ మహాసముద్రము నడుమనున్న హవాయి దీవిలో మౌనాలోవా అను అగ్నిపర్వతము కలదు. దాని వాలుపై సుమారు 3,400 మీటర్ల ఎత్తున, చెట్టు చేమ లేని లావారాళ్ళ నడుమ, ఒక పరిశోధనశాల ఉన్నది. అచ్చట 1958 మార్చి మొదలు గాలికి పద్దు వ్రాయుచున్నారు.

పద్దులోని కెక్కు సరకు మాత్రము బహుస్వల్పము. తేమ తీసిన గాలిలో నత్రజని, ప్రాణవాయువు, ఆర్గాన్ పోగా మిగులునది పదివేల పాళ్ళలో నాలుగైదు పాళ్ళే. అందు అధికభాగము కార్బన్ డయాక్సైడు. పాత తెలుగు పాఠ్యపుస్తకములలో దీనికి బొగ్గుపులుసు వాయువని పేరు. ఈ కొంచెమే ఆకులకు ఆహారము. భూమి వెలువరించు వేడి అంతయు ఆకాశమున పడి పోకుండ కొంత పట్టి యుంచునదియు ఈ కొంచెమే. కావున ఇది పెరుగుచున్నదా లేదా యనుట చిన్న ప్రశ్న కాదు.

1950 ప్రాంతమున ఆ ప్రశ్నకు నిశ్చితమైన జవాబు లేకుండెను. బొగ్గు, నూనెలు మండగా పుట్టిన వాయువును సముద్రమే మ్రింగివేయునని పలువురు నమ్మియుండిరి. కొలిచినవారు లేకపోలేదు, కాని ఒకరి అంకె మరియొకరి అంకెతో పొసగకుండెను. చార్లెస్ డేవిడ్ కీలింగ్ అను యువ రసాయన శాస్త్రజ్ఞుడు 1955లో గాజు కుప్పెలు చేతబూని కాలిఫోర్నియా అడవులలో రేయింబవళ్ళు గాలి పట్టెను. రాత్రివేళ చెట్లు, నేల విడుచు వాయువుచే అంకె పెరుగును. మధ్యాహ్నము గాలి బాగుగా కలసినపుడు ఎచ్చట చూచినను పది లక్షలకు సుమారు 310 పాళ్ళే.

అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరము (1957–58) సందర్భమున స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థ అధిపతి రోజర్ రెవెల్ ఆతనిని తమ సంస్థకు రప్పించెను. ఒకమారు లోకమంతట కొలిచి, కొన్ని దశాబ్దములకు మరల కొలిచిన చాలునని రెవెల్ తలంపు. ఎడతెగక కొలువవలెనని కీలింగ్ పట్టు. పట్టే నెగ్గెను.

పని చూచుటకు సులభమే. గాలిని చల్లబరచి తేమను గడ్డకట్టించి తొలగింతురు. పిదప దానిని గొట్టములోనికి పంపి పరారుణ కిరణములను ప్రసరింపజేయుదురు. వాయువు ఎంత హెచ్చిన కిరణములు అంత తగ్గును. పాలు ముందే తెలిసిన వాయువును అదే గొట్టమున పంపి, తూకపురాళ్ళను సరిచూచినట్లు, యంత్రమును సరిచూచుచుందురు. రాత్రులు అగ్నిపర్వత బిలములనుండి దిగివచ్చు గాలి అంకెను చెరచును. అట్టి గంటలను గుర్తించి విడిచిపెట్టుదురు. కష్టమంతయు ఈ విసుగు లేని సరిచూపులోనే ఉన్నది.

తొలి అంకె 313. మే వరకు పెరిగి, పిమ్మట అది దిగజారుటచే కీలింగ్ కలతపడెను. మరుసటి యేడును అదే వరుస! ఉత్తరార్ధగోళపు వృక్షములు వేసవిలో వాయువును గ్రహించి, ఆకురాలు కాలము మొదలు తిరిగి విడుచుచున్నవి. భూమి యూపిరి మొదటిసారి కాగితముపై గీతయై కనబడెను. అంతేకాదు, ప్రతి యేటి గీతయు ముందటి యేటి గీతకు పైన నుండెను.

1964 వసంతమున ధనసహాయము కత్తిరింపగా కొన్ని నెలలు యంత్రము నిలిచిపోయెను. ఆ వెలితి నేటికిని రేఖలో కనబడును. ధనము తరువాత దొరికెను. ఆ కొండమీది ఆ నెలల గాలి దొరకునా?

ధ్రువప్రాంతపు మంచులో చిక్కిన పాత గాలిని పరీక్షింపగా, యంత్రయుగమునకు ముందు అంకె 280 అని తేలెను. 2013 మే నెలలో మౌనాలోవాపై ఒక దినపు సగటు 400 దాటెను. 2024 సంవత్సరపు సగటు 424 దాటినది. కీలింగ్ 2005లో మరణించెను. ఆతని కుమారుడు రాల్ఫ్ ప్రాణవాయువును కొలిచి, ఇంధనము మండుటకు తగినట్లు అది తగ్గుచున్నదని చూపెను.

2022 నవంబరులో మౌనాలోవా పగిలి, లావా దారిని, విద్యుత్తీగలను త్రెంచెను. పరిశోధకులు పొరుగున మౌనాకియా కొండపై డిసెంబరు నుండి కొలతలు సాగించిరి. 2023లో పాత చోట మరల పద్దు తెరచిరి.