తెరపై తిరుగు ఘనము

కంప్యూటరు తెర పలకవలె చదునైనది. అయినను దానిపై ఒక పెట్టె తిరుగుచున్నట్లును, దాని ముఖములపై వెలుగునీడలు మారుచున్నట్లును కనబడును. ఇందుకు పెద్ద ప్రోగ్రాము కావలెనని తోచును గాని, నిజమునకు హైస్కూలు గణితమే చాలును.

ఘనమునకు ఎనిమిది మూలలు, ఆరు ముఖములు గలవు. మధ్యబిందువునుండి ప్రతి మూలకు గల అడ్డము, ఎత్తు, లోతు అను మూడు సంఖ్యలను వ్రాసికొనవలెను. ఘనమును నిలువు అక్షముచుట్టు త్రిప్పినపుడు ఎత్తు మారదు. అడ్డమును కోణముయొక్క కొసైన్‌తోను, లోతును సైన్‌తోను హెచ్చించి కూడినచో క్రొత్త అడ్డము వచ్చును. లోతును కొసైన్‌తో హెచ్చించి, అందుండి అడ్డము, సైన్‌ల లబ్ధమును తీసివేసినచో క్రొత్త లోతు వచ్చును. అడ్డము, ఎత్తులనుబట్టి మూలలను తెరపై గుర్తించవచ్చును.

ఇక నీడ సంగతి. ప్రతి ముఖమునుండి ఒక సూది లంబముగా వెలుపలికి పొడుచుకొని యున్నట్లు భావింపుడు. సూది చూపరికి అవతలి దిక్కునకు తిరిగియున్నచో ఆ ముఖమును గీయనక్కరలేదు. సూదికిని, వెలుతురు వచ్చు దిక్కునకును నడుమ గల కోణముయొక్క కొసైనే ఆ ముఖపు వెలుగు. ఇది 1760లో లాంబర్ట్ ప్రకటించిన సూత్రము.

వెలుతురు చూపరి వెనుకనుండి వచ్చుచున్నదనుకొందము. ఘనము 30 డిగ్రీలు తిరిగినపుడు ఒక ముఖమునకు నూటికి 87 వంతులు, ప్రక్క ముఖమునకు 50 వంతులు వెలుగు వచ్చును. 45 డిగ్రీలవద్ద రెంటికిని 71 వంతులే. అప్పుడు నడిమి అంచు మాయమగును! అందుచేత దీపమును కొంచెము ప్రక్కకు జరుపుట మేలు.

రెండు జాగ్రత్తలు అవసరము. మూలలతోపాటు సూదులను కూడ త్రిప్పవలెను. లేనిచో నీడ రంగు పూసినట్లు ముఖమునకు అంటుకొనియే తిరుగును. ప్రతిసారియు మొదటి సంఖ్యలనుండియే లెక్కింపవలెను. లేనిచో దశాంశముల చిన్న దోషములు పేరుకొని, ఆకారము వంకరపోవును.

బంతివంటి నునుపైన వస్తువును చిన్న చిన్న పలకలుగా గీసినచో పలకల అంచులు బయటపడును. 1971లో ఆన్రీ గూరో మూలల వెలుగులను క్రమముగా కలిపి వాటిని మరుగుపరచెను. గుంటలుగల వస్తువులలో ముందరి భాగము వెనుకదానిని కప్పును. అట్టివాటికై తెరపై ప్రతి చుక్కకును లోతును గుర్తుంచుకొను పద్ధతిని 1974లో ఎడ్విన్ కాట్మల్ వివరించెను. ఈ ఇరువురును అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున పనిచేసినవారే.

ఇతరులు వ్రాసిన ప్రోగ్రామును నకలు చేసికొన్నవాడు బొమ్మ తప్పినపుడు తప్పు ఎచ్చటనో కనుగొనలేడు. ఒక్క ఘనమును స్వయముగా త్రిప్పి చూచినవాడు కనుగొనగలడు.