జిమ్ కాదు, జేమ్స్

పర్సివల్ ఎవరెట్ నవల 'జేమ్స్'కు 2024లో నేషనల్ బుక్ అవార్డు, 2025లో పులిట్జర్ వచ్చాయి. తొలి నవల 'సూడర్' 1983 నాటిది. నడుమ ఇరవైకి పైగా పుస్తకాలు, వాటిలో చాలా భాగం మినియాపొలిస్‌లోని గ్రేవుల్ఫ్ అనే చిన్న ప్రచురణ సంస్థ వేసినవే. అందుకే ఇది ఆలస్యంగా దక్కిన గుర్తింపు అంటున్నారు. అంతటితో ఆగితే అసలు సంగతి మరుగున పడుతుంది. నల్లజాతి మనిషి ఎలా మాట్లాడాలో, ఏం రాయాలో తేల్చే హక్కు ఎవరిది? ఈ ప్రశ్నను ఎవరెట్ 2001లోనే 'ఎరేషర్' నవలలో సూటిగా అడిగారు. 'జేమ్స్' దానికి కొనసాగింపు.

'ఎరేషర్' కథానాయకుడు థెలోనియస్ ఎలిసన్ ప్రొఫెసర్. గ్రీకు పురాణాల ఆధారంగా నవలలు రాస్తుంటాడు. వాటిలో నల్లవారి జీవితం లేదంటూ ప్రచురణకర్తలు తిప్పి పంపుతారు. ఒళ్లుమండి, మారుపేరుతో, బూతులూ తుపాకులూ నింపి ఒక వెక్కిరింత నవల రాసి పారేస్తాడు. దాన్నే అసలుసిసలు నల్లవారి గొంతు అని నెత్తిన పెట్టుకుంటారు. చివరికి అతను సభ్యుడిగా ఉన్న న్యాయనిర్ణేతల బృందమే, అతని మాట తోసిపుచ్చి, దానికి బహుమతి ఇస్తుంది. 2023లో వచ్చిన 'అమెరికన్ ఫిక్షన్' సినిమాకు మూలం ఈ నవలే.

మార్క్ ట్వేన్ 'హకల్‌బెరీ ఫిన్'లో పారిపోతున్న బానిస జిమ్ మన పాఠకులకు నండూరి రామమోహనరావు అనువాదం ద్వారా పరిచయమే. ఎవరెట్ ఆ కథను జిమ్ నోట చెప్పించారు. ఈ జిమ్ ఒక జడ్జి గ్రంథాలయంలో దొంగతనంగా చదువుకున్నవాడు. యజమానుల ముందు మాత్రం తడబడే యాసలో మాట్లాడతాడు. పిల్లలకూ అదే పాఠం చెబుతాడు: దొరసాని వంటింట్లో మంటలు లేస్తే ఏమంటారు? మంట అని మీరు అనకూడదు, అటు చూడమని మాత్రం అనాలి, ప్రమాదం పేరు ఆమె నోటే రావాలి. ముందుగా కనిపెట్టడం తెల్లవారి హక్కు మరి. బతికి బయటపడటానికి పెద్దలు పిల్లలకు నేర్పే ఈ పాఠం చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది. తర్వాత ఈ జిమ్, అంటే జేమ్స్, తన కథ రాసుకోవడానికి ఒక కుర్రాడు యజమాని దగ్గర పెన్సిల్ ముక్క దొంగిలించి తెస్తాడు. దానికి మూల్యం ఆ కుర్రాడి ప్రాణం.

జేమ్స్‌లా కలలో వోల్టేర్, జాన్ లాక్ వంటి తత్వవేత్తలతో వాదించే బానిస ఉంటాడా అన్నది ఒక అభ్యంతరం. బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్ బాల్యంలో రహస్యంగా చదువు నేర్చి, 1845లో ఆత్మకథ అచ్చువేశాడు. బానిసలకు అక్షరాలు నేర్పడాన్ని దక్షిణాది రాష్ట్రాలు నేరంగా ప్రకటించాయంటే, నేర్చుకునేవాళ్లు ఉన్నారనేగా అర్థం! రెండో అభ్యంతరం మరింత గట్టిది: నల్లవారి బాధ అమ్ముకునే బజారును ఎండగట్టిన రచయితకు పెద్దపీట వేసింది బానిసత్వం మీద రాసిన నవలకే కదా? బజారు తీరు మారలేదన్నది ఒప్పుకోవాల్సిందే. అయితే బజారు కోరిన గొంతును ఎవరెట్ ఇవ్వలేదు. ఆ యాస తెల్లవారి కోసం కట్టిన వేషమని మొదటి పేజీల్లోనే విప్పి చూపించారు. సానుభూతి కోసం చేతులు చాచని జేమ్స్, కథ చివరికి తుపాకీ పడతాడు.

'జేమ్స్' చదవాలనుకునేవారు ముందు 'ఎరేషర్' చదవండి. ట్వేన్ పుస్తకాన్నీ పక్కన పెట్టుకోండి.